కార్లు మానుకున్న కంపెనీ

సత్యవేడు దగ్గరి పారిశ్రామిక నగరం శ్రీ సిటీ గురించి రాసేటప్పుడు, అక్కడ ఫ్యాక్టరీ ఉన్న జపాన్ సంస్థ ఇసుజును కార్ల కంపెనీ అనేయడం అలవాటైపోయింది. సగటు తెలుగు కుటుంబం కారు కొనాలనుకున్నప్పుడు మనసులో మెదిలే బండి ఏదీ ఆ ఫ్యాక్టరీలో తయారు కాదు. చిన్న కార్లు లేవు, సెడాన్లు లేవు. అక్కడి లైన్ మీద నుంచి ప్రధానంగా దిగేది డి-మాక్స్ అనే పికప్. ముందు మనుషులు కూర్చునే క్యాబిన్, వెనక సరుకు వేసుకునే తొట్టి. దాని ఛాసీ ఆధారంగానే కట్టిన ఎంయూ-ఎక్స్ అనే పెద్ద ఎస్‌యూవీ దానికి తోడుగా వచ్చింది. నూరేళ్లు దాటిన చరిత్ర ఉండి, ఒకప్పుడు చూపరులను కట్టిపడేసే కార్లు చేసిన ఈ సంస్థ 1993లో సొంత కార్ల తయారీని ఆపేసింది. ఆ తర్వాత క్రమంగా లారీలు, పికప్‌లు, డీజిల్ ఇంజిన్లే దాని ప్రపంచమయ్యాయి. మోటారు పత్రికల్లో చాలాచోట్ల ఇది ఓటమి కథగానే కనిపిస్తుంది. కానీ ఇసుజు వైపు మనుషుల్ని లాగే గుణమంతా ఆ వదులుకోవడంలోంచే పుట్టిందని, సత్యవేడు ప్రాంతంలో దాని ఫ్యాక్టరీ నిలదొక్కుకోవడానికీ అదే కారణమని చెప్పడానికి గట్టి ఆధారాలున్నాయి.

ఇసుజు పుట్టుక ఓడలు కట్టే చోట జరిగింది. టోక్యోలోని ఇషికావాజిమా నౌకా నిర్మాణ సంస్థ 1916లో మోటారు బండ్ల తయారీకి పథకం వేసింది. 1918లో ఇంగ్లండుకు చెందిన వూల్స్‌లీ కంపెనీతో సాంకేతిక ఒప్పందం చేసుకుని, 1922లో వూల్స్‌లీ ఏ9 అనే కారును జపాన్‌లోనే తయారు చేసింది. ఆ దేశంలో రూపుదిద్దుకున్న తొలితరం కార్లలో అదొకటి. అయితే కార్ల బజారు వాళ్లకు దక్కలేదు. 1925లో ఫోర్డ్ యొకొహామాలో, 1927లో జనరల్ మోటార్స్ ఒసాకాలో బండ్లు బిగించడం మొదలుపెట్టాక ఆ ధరలకూ ఆ సంఖ్యలకూ స్థానిక కంపెనీలు తట్టుకోలేకపోయాయి. ఇషికావాజిమాను నిలబెట్టింది ట్రక్కు. యుద్ధం వస్తే సైన్యానికి పనికొచ్చే ట్రక్కులకు రాయితీ ఇచ్చే చట్టాన్ని జపాన్ ప్రభుత్వం 1918లో తెచ్చింది. 1924 నాటి వూల్స్‌లీ సీపీ ట్రక్కు ఆ నీడలోనే బతికింది. 1933లో ఈ మోటారు విభాగం డాట్ అనే మరో కంపెనీతో కలిసినప్పుడు జరిగిన పంపకం ఆసక్తికరమైనది. డాట్‌కు చెందిన చిన్న కారు, అదే తర్వాత లోకమంతా ఎరిగిన డాట్సన్, నిస్సాన్ వైపు వెళ్లిపోయింది. ట్రక్కులు ఇటు మిగిలాయి. మరుసటి ఏడాది ఆ ట్రక్కులకు ఇసే పుణ్యక్షేత్రం పక్కన పారే ఇసుజు నది పేరు పెట్టారు. 1936లో గాలితో చల్లబడే డీజిల్ ఇంజిన్ తయారైంది. 1941లో సంస్థ పేరులోనే డీజిల్ అన్న మాట చేరింది. 1942లో అందులోంచి విడిపోయిన భాగమే నేటి హినో. 1949 నుంచి మిగతాది ఇసుజు మోటార్స్. ఈ తొలి అధ్యాయంలో సైన్యం అవసరాల పాత్ర పెద్దది. దాన్ని దాచిపెట్టి కంపెనీ దూరదృష్టి అని పొగడడం సరికాదు. కానీ బరువు మోసే బండి, దాన్ని లాగే డీజిల్ ఇంజిన్ అన్న రెండు విద్యలు చేతికి వచ్చింది అప్పుడే.

యుద్ధం తర్వాత కారు మీద మోజు మళ్లీ పుట్టింది. 1953 నుంచి ఇంగ్లండు రూట్స్ కంపెనీ లైసెన్సుతో హిల్మన్ మింక్స్ కార్లు బిగించారు. ఆ పాఠంతో 1961లో బెల్లెల్, 1963లో బెల్లెట్ అనే సొంత కార్లు వచ్చాయి. బెల్లెల్‌ను డీజిల్ ఇంజిన్‌తో కూడా అమ్మారంటే ఆ సంస్థ మనసు ఎటు మొగ్గి ఉందో తెలుస్తుంది. ఇక 1968లో అమ్మకానికి వచ్చిన 117 కూపే సంగతి వేరు. ఇటలీ డిజైనర్ జార్జెటో జుజారో గీసిన ఆ రెండు తలుపుల కారు ఈనాటికీ చూపు తిప్పుకోనివ్వదు. సన్నని స్తంభాల మీద నిలిచిన పైకప్పు, పల్చని పక్కలు, ఎక్కడా అతి లేని గీత. మొదట్లో ఆ రేకు ఒంపులను యంత్రాలు సరిగా తీయలేకపోవడంతో చాలా పని చేతుల మీదే సాగింది, నెలకు యాభై దాకా మాత్రమే తయారయ్యేవి. 1981 వరకు సాగిన ఉత్పత్తిలో మొత్తం 86 వేల చిల్లర కార్లు వెలువడ్డాయి. ఆ కారును ప్రేమించే వాళ్ల బాధ నిజమైనదే. ఇలాంటి వస్తువును చేయగల చేతులు ఆ పని మానుకోవడం ఏ కళకైనా నష్టమే. అయితే ఆ 86 వేల అంకెలోనే సమస్య కూడా ఉంది. దాదాపు పదమూడేళ్లు చేసిన కారుకు అంతే గిరాకీ ఉంటే, టొయోటాలాగా నిస్సాన్‌లాగా ఊరూరా షోరూములు తెరవడానికి, రెండేళ్లకో కొత్త ఇంజిన్, నాలుగేళ్లకో కొత్త మోడల్ తేవడానికి డబ్బెక్కడిది? 1971లో జనరల్ మోటార్స్ 34 శాతం వాటా తీసుకోవడానికి వెనక ఉన్న ఒత్తిడి ఇదే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. కార్లు మానేయడం ఇసుజు తనకు తానుగా తీసుకున్న నిర్ణయం కాదనీ, చేతకాక వదిలేసిందనీ, దాన్ని ఇప్పుడు వివేకంగా చెప్పుకోవడం చరిత్రకు రంగు పూయడమేననీ అంటారు. ఇందులో సగం నిజం. 1993 తర్వాత కూడా ఆ కంపెనీ హోండా తయారు చేసిన కార్లకు తన బిళ్ల తగిలించి జపాన్‌లో అమ్మింది. హోండా మాత్రం ఇసుజు ఎస్‌యూవీలను తన పేరుతో అమెరికాలో అమ్ముకుంది. ఆ ఏర్పాటును నిశ్చయబుద్ధి అనలేం. 2002లో ఆర్థికంగా కుదేలైనప్పుడు అప్పటికి 49 శాతానికి పెరిగిన జనరల్ మోటార్స్ వాటా 12 శాతానికి పడిపోయింది. అమెరికాలో సుబారు మాతృసంస్థతో కలిసి నడిపిన ఫ్యాక్టరీలో తన వాటాను ఇసుజు వదులుకుంది. 2009 జనవరితో అమెరికాలో కొత్త ఎస్‌యూవీలు, పికప్‌ల అమ్మకం కూడా ముగిసింది. ఇదంతా గెలుపు కాదు. కానీ ఓడిన సంస్థలన్నీ ఒకేలా ఓడవు. చేతిలో డబ్బు లేనప్పుడు దేన్ని అమ్మేసి దేన్ని పట్టుకుని ఉండాలన్న దగ్గర ఒక సంస్థ తనేమిటో తేల్చుకుంటుంది. ఇసుజు 1959 నుంచి చేస్తున్న ఎల్ఫ్ చిన్న లారీని వదల్లేదు. జపాన్ వీధుల్లో కూరగాయలు, బీరు సీసాలు, ఇళ్ల సామాను మోసే బండి అది. డీజిల్ ఇంజిన్ల పరిశోధనను వదల్లేదు. 1998లో జనరల్ మోటార్స్‌తో కలిసి అమెరికాలోని ఒహాయోలో డీమాక్స్ అనే ఇంజిన్ కంపెనీ పెట్టింది. అక్కడ పుట్టిన డ్యూరామాక్స్ డీజిల్ ఇంజిన్ అమెరికన్ల పెద్ద పికప్‌లలో పేరు తెచ్చుకుంది. పోలండులోని ఫ్యాక్టరీ యూరప్ కార్లకు డీజిల్ ఇంజిన్లు ఇచ్చింది. ఇసుజులో దాదాపు సగం వాటా తీసుకున్న జనరల్ మోటార్స్ కూడా ఆఖరికి దాని దగ్గరికి వచ్చింది ఇంజిన్ కోసమే. కాబట్టి 1993 నిర్ణయాన్ని తెలివి అనడం కన్నా, ఆ తర్వాతి పదేళ్లలో దేన్ని కాపాడుకుందో దాన్ని తెలివి అనడం న్యాయం.

ఆ ఇంజిన్‌ను తెలుగు నేల కూడా చాలా ఏళ్లు వాడుకుంది, పేరు పట్టించుకోకుండానే. హిందుస్థాన్ మోటార్స్ 1984లో తెచ్చిన కాంటెస్సా పైకి దర్జాగా ఉండేది. ఇంగ్లండు వాక్స్‌హాల్ విక్టర్ నమూనా మీద కట్టిన ఒళ్లు, లోపల అంబాసిడర్‌దే పాత 1500 సీసీ ఇంజిన్. ఆ బరువును ఆ ఇంజిన్ లాగలేకపోయేది. తర్వాత ఇసుజు 1.8 లీటర్ ఇంజిన్, ఐదు గేర్ల పెట్టె వచ్చాకే కాంటెస్సా క్లాసిక్‌కు రూపానికి తగ్గ పరుగు వచ్చింది. 1990లలో అదే ఇంజిన్‌ను అంబాసిడర్‌లోనూ అమర్చారు. స్టీరింగ్ పక్కన ఉండే గేరు రాడ్డు కిందికి దిగింది, ఘాట్ రోడ్డు మీద బండి ఊపిరి పీల్చుకుంది. మంత్రులూ కలెక్టర్లూ ఎక్కిన అంబాసిడర్ల గురించి మనవాళ్లు ఎంతో రాశారు. ఆ బండికి చివరి దశలో కొత్త ప్రాణం పోసిన ఇంజిన్ గురించి రాసింది తక్కువ. 2014 మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీ పని ఆపేయడంతో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. అదే కంపెనీకి చెందిన తిరువళ్లూరు ఫ్యాక్టరీలో అప్పటికే ఇసుజు తన తొలి డి-మాక్స్‌లు, ఎంయూ-7 ఎస్‌యూవీలు ఒప్పందం మీద బిగించుకుంటోంది. అక్కడి నుంచి సత్యవేడు పెద్ద దూరమేమీ కాదు.

ఇండియాలో పికప్‌తో అడుగుపెట్టడం చాలామందికి వింతగా తోచింది. దానికి మూలం థాయ్‌లాండ్‌లో ఉంది. ఇసుజు అక్కడ 1966లోనే కంపెనీ పెట్టింది. వరి పొలాలు, గతుకు రోడ్లు, పొద్దున సరుకు మోసి సాయంత్రం కుటుంబాన్ని గుడికి తీసుకెళ్లే బండి కావాలనుకునే రైతులు, పికప్‌ల మీద తక్కువ పన్ను వేసే ప్రభుత్వం. ఇవన్నీ కలిసి ఆ దేశాన్ని పికప్‌ల రాజ్యంగా మార్చాయి. 1997 ఆర్థిక సంక్షోభంలో అక్కడి అమ్మకాలు కుప్పకూలినప్పుడు ఖాళీగా మిగిలిన ఫ్యాక్టరీలను కంపెనీలు ఎగుమతుల వైపు తిప్పాయి. 2002లో డి-మాక్స్ అక్కడే తొలిసారి అమ్మకానికి వచ్చింది. జపాన్‌లో సాగే పికప్‌ల తయారీని ఇసుజు ఆ రోజుల్లోనే థాయ్‌లాండ్‌కు తరలించింది. శ్రీ సిటీ తర్వాత నడిచిన దారిని అర్థం చేసుకోవాలంటే ఈ థాయ్ అనుభవాన్ని గుర్తుంచుకోవాలి. సొంత బజారు ముడుచుకుపోయినప్పుడు ఫ్యాక్టరీని ఓడరేవుల వైపు తిప్పడం ఇసుజు అక్కడే నేర్చుకుంది.

మరి సత్యవేడు ప్రాంతమే ఎందుకు? జవాబులో కొంత భాగం 1960 నాటిది. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు తగాదాను తేల్చడానికి నియమితుడైన పటాస్కర్ సిఫార్సుల మీద పార్లమెంటు 1959లో చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసుకు పోయింది, చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు ప్రాంతం చిత్తూరు జిల్లాలో కలిసింది. తిరుత్తణి పోయిందన్న బాధ తెలుగువాళ్లు దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. సత్యవేడు వచ్చిందని ఎవరూ పండగ చేసుకోలేదు. మెట్ట పొలాలు, చెరువులు, ఉబ్బలమడుగు వైపు అడవి, అరవమూ తెలుగూ కలిసి నలిగే ఇళ్లు. చాలాకాలం ఆ ప్రాంతం రెండు రాష్ట్రాల పటాల అంచున ఉండిపోయింది. ఆ అంచే తర్వాత బలమైంది. చెన్నై చుట్టూ శ్రీపెరుంబుదూరులో హ్యుందాయ్, మరైమలై నగర్‌లో ఫోర్డ్, ఒరగడంలో రెనో-నిస్సాన్ వచ్చాక విడిభాగాలు చేసే వందల యూనిట్లు పుట్టాయి. కానీ అక్కడ భూమి ఖరీదైపోయింది. చెన్నైకి ఉత్తరాన 55 కిలోమీటర్ల దూరంలో, కోల్‌కతా వెళ్లే జాతీయ రహదారి పక్కన, తడ దాటగానే చేరుకునే ఈ నేలకు చెన్నై, ఎన్నూరు, కాట్టుపల్లి రేవులు దగ్గర. కృష్ణపట్నం కూడా అందుబాటులోనే ఉంది. 2008 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రారంభించిన శ్రీ సిటీ ఈ లెక్క మీదే నిలబడింది. చెన్నై నైపుణ్యం, చెన్నై రేవులు, ఆంధ్రా భూమి. కోబెల్కో, యూనిచార్మ్, టోరే, పానాసోనిక్, డైకిన్ లాంటి జపాన్ సంస్థలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కొత్త దేశంలో అడుగుపెట్టే జపాన్ కంపెనీ సాధారణంగా తన ఉక్కు సరఫరాదారును, స్ప్రింగులు చేసే సంస్థను, బ్యాంకు సలహాదారును కూడా పక్కనే చూసుకోవాలనుకుంటుంది. ఇసుజు వచ్చేనాటికే అలాంటి పొరుగు ఇక్కడ తయారవుతోంది.

ఇండియాలో కంపెనీ 2012లో ఏర్పడింది, మిత్సుబిషి కార్పొరేషన్ భాగస్వామ్యంతో. శ్రీ సిటీలో 107 ఎకరాలు, 3 వేల కోట్ల రూపాయల పెట్టుబడి. 2016 ఏప్రిల్ 27న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించినప్పుడు ఏడాదికి 50 వేల బండ్లు చేయగల సామర్థ్యం సిద్ధమైంది, దాన్ని 1 లక్షా 20 వేల దాకా పెంచుకోవచ్చన్నారు. తొలి బండి డి-మాక్స్ వి-క్రాస్. చెన్నైలో పన్నెండున్నర లక్షలకు కాస్త తక్కువ ధరతో వచ్చిన ఆ నాలుగు తలుపుల పికప్, కొండదారుల మీద మోజున్న యువకుల్లో చిన్నదైనా గట్టి అభిమానుల గుంపును సంపాదించుకుంది. ఆ అభిమానానికి కారణం సౌకర్యం కాదు. ఖాళీ తొట్టితో గతుకుల్లో పోతే వెనక స్ప్రింగులు ఎగరేస్తాయి, ఊళ్లో పార్కింగ్ దొరకడం కష్టం. కానీ నిచ్చెన ఆకారపు ఛాసీ, తొందరపడని డీజిల్ ఇంజిన్, ఏళ్ల తరబడి మార్చకుండా మెరుగుపరచిన అమరిక. చేస్తానన్న పనిని చేసి తీరే వస్తువు మీద కలిగే నమ్మకం అది. అది కొనేవాళ్లు 117 కూపే పేరు విని ఉండకపోవచ్చు. ఆ కూపేకు చేతులతో రేకు తీర్చిన పట్టుదల మాత్రం ఈ బండికి వేరే రూపంలో సంక్రమించింది.

ఇప్పుడు అసలు అభ్యంతరం. తొమ్మిదేళ్లకు, 2025లో, శ్రీ సిటీ ఫ్యాక్టరీ లక్షో బండిని బయటికి తెచ్చింది. ఏడాదికి 50 వేల సామర్థ్యం ఉన్నచోట అది రెండేళ్ల పని. అదే రాయలసీమలో పెనుకొండ దగ్గర 2019లో అమ్మకాలు మొదలుపెట్టిన కియా నాలుగేళ్లలో, 2023 జూలై నాటికి, పది లక్షల బండ్లు పూర్తి చేసింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే ఇసుజును విజయమని ఎలా అంటాం? ప్రశ్న న్యాయమైనది, దాటవేయడానికి వీల్లేదు. ఇండియా బజారును అంచనా వేయడంలో కంపెనీ తప్పటడుగు వేసిందన్నది నిజం. మన రైతుకు పికప్ కావాలి. కానీ అతను కొనేది బొలెరో పికప్, టాటా ఏస్, దోస్త్. మదనపల్లె టమాటా మార్కెట్ ముందు నిలబడి చూస్తే ఏ బండి రాజ్యమేలుతుందో తెలుస్తుంది. వాటి ధర తక్కువ, స్పేరు పార్టు ప్రతి ఊళ్లో దొరుకుతుంది, తెలియని మెకానిక్ లేడు. అందులో సరుకు, అందులోనే కుటుంబం అన్న థాయ్ అలవాటు ఇక్కడ లేదు. మన దగ్గర సరుకు బండి వేరు, ఇంటి బండి వేరు. దానికి తోడు 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు, అదే నెలల్లో కరోనా. ఆ నిబంధనలకు తగ్గ 1.9 లీటర్ ఇంజిన్‌తో వి-క్రాస్ తిరిగి షోరూముకు రావడానికి 2021 మే దాకా పట్టింది. ఏడాదికి పైగా షోరూముల్లో కొత్త వి-క్రాస్ లేని బ్రాండును జనం మరిచిపోవడం సహజం.

అయితే బండ్ల సంఖ్య ఒక్కటే ఫ్యాక్టరీకి కొలత అయితే, ఆ ఖాళీ ఏడాదిలో ఇసుజు చేసిన పనికి అర్థం చెప్పలేం. బజారు నిస్తేజంగా ఉన్న రోజుల్లోనే సుమారు 400 కోట్లు పెట్టి రేకు ఒత్తే ప్రెస్ షాప్‌ను, ఇంజిన్ బిగించే విభాగాన్ని శ్రీ సిటీలో తెరిచింది. పెట్టెల్లో వచ్చిన విడిభాగాలను బోల్టులతో బిగించే చోటుకీ, ఉక్కు చుట్టను తలుపుగా తీర్చి, డీజిల్ ఇంజిన్‌ను పరీక్షించి పంపే చోటుకీ మధ్య ఉన్న తేడా చాలా పెద్దది. మొదటిదాన్ని ఆర్నెల్లలో మూసి వేరే దేశానికి తీసుకెళ్లొచ్చు. రెండోదాన్ని అలా కదల్చలేరు. ప్రెస్సు అచ్చులు, వాటిని సరిచేసే చేతులు, ఒక సూది మొన అంత తేడాను కంటితో పట్టే తనిఖీదారులు. ఇవి ఒక ఊళ్లో కుదురుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఇసుజు దేశదేశాల్లో తన గుర్తింపుగా మిగుల్చుకున్నది ఇంజినే. ఆ పనిని పూర్తిగా తన దగ్గర పెట్టుకోకుండా ఇక్కడికి తేవడం నమ్మకానికి గుర్తు. థాయ్ పాఠం కూడా అప్పుడే పనికొచ్చింది. ఎడమవైపు స్టీరింగ్ ఉన్న డి-మాక్స్‌లను సౌదీ అరేబియాకూ ఇతర గల్ఫ్ దేశాలకూ పంపడం పెరిగింది. 2024-25లో ఇసుజు ఇండియా 20 వేలకు పైగా బండ్లు ఎగుమతి చేసి, దేశంలో వాణిజ్య వాహనాల ఎగుమతిలో మొదటి స్థానానికి చేరింది. ఇక్కడ మన ప్రాంతానికే చెందిన ఒక లెక్క కూడా గుర్తుంచుకోవాలి. రాయచోటి, రాజంపేట, కడప, చిత్తూరు పల్లెల నుంచి కువైట్, సౌదీలకు పనికి వెళ్లిన వాళ్లు మన ఎగుమతుల పట్టికలో ఎక్కడా కనబడరు. వాళ్లు పంపిన డబ్బుతో ఇళ్లు కట్టాం, పిల్లల్ని చదివించాం. అదే గల్ఫ్‌కు అదే ప్రాంతం ఇప్పుడు మనుషులతో పాటు యంత్రాలను కూడా పంపుతోంది. ఇది చిన్న మార్పు కాదని ఈ ప్రాంతం తెలిసినవాళ్లు ఒప్పుకుంటారు.

ఎగుమతుల మీద ఆధారపడటం బలహీనత కూడా. ఎడారి దేశాల్లో చమురు ధర పడిపోతే, నిర్మాణ పనులు ఆగిపోతే, సత్యవేడులో ఒక షిఫ్టు తగ్గుతుంది. రెండో బలహీనత ఇంకా దగ్గరిది. శ్రీ సిటీకి భూమి ఇచ్చిన ఊళ్లలో, నాయుడుపేట, సూళ్లూరుపేట, శ్రీకాళహస్తి, పుత్తూరు చుట్టుపక్కల నుంచి తెల్లవారకముందే బస్సులెక్కే యువతీయువకుల్లో ఎంతమంది శాశ్వత ఉద్యోగులు, ఎంతమంది కాంట్రాక్టు పద్ధతిలో తిరుగుతున్నవాళ్లు అన్న ప్రశ్న ఈ పారిశ్రామిక నగరం మొత్తానికి వర్తిస్తుంది. 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అన్న చట్టం 2019లో రాష్ట్రం చేసింది. అలాంటి చట్టం అవసరమైందంటేనే అసంతృప్తి ఎంత లోతుదో అర్థమవుతుంది. దాని వెనక ఉన్న కోపాన్ని కొట్టిపారేయకూడదు. కానీ చట్టం కన్నా ఇంజిన్ షాప్ ఎక్కువ పనిచేస్తుందని చెప్పడానికి కారణం ఉంది. బిగింపు లైన్ మీద మనిషిని మూడు వారాల్లో మార్చేయొచ్చు. అచ్చు సరిచేసే పనివాడినీ, ఇంజిన్ శబ్దం విని లోపం చెప్పగల పనివాడినీ వదులుకోవడానికి ఏ యాజమాన్యమూ సాహసించదు. స్థానికులకు ఉద్యోగ భద్రత కావాలంటే వాళ్లు చేసే పని లోతుగా ఉండాలి. తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా బ్యాటరీల కంపెనీ ఏళ్లుగా ఈ సూత్రాన్ని నిరూపిస్తూ వచ్చింది. ఆ కంపెనీ ఈ ప్రాంతపు మనుషులతోనే ప్రపంచ స్థాయి తయారీ చేసింది.

మిగిలిన అతిపెద్ద అభ్యంతరం డీజిల్ మీదే. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను రోడ్ల మీదికి రానివ్వకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పొగ గురించి ప్రజల భయం సహేతుకమైనది. డీజిల్‌నే నమ్ముకున్న కంపెనీ గురించి గొప్పగా చెప్పేటప్పుడు దీన్ని పక్కన పెట్టలేం. నూరేళ్ల నేర్పు ఒక తరంలో పనికిరాకుండా పోవచ్చు. ఇసుజు కూడా ఆ సంగతి గ్రహించింది. 2024 మార్చిలో బ్యాంకాక్ ప్రదర్శనలో విద్యుత్ డి-మాక్స్‌ను ప్రపంచానికి చూపింది, 2025 జనవరిలో ఢిల్లీ భారత్ మొబిలిటీ ప్రదర్శనకూ తెచ్చింది. హినో, టొయోటాలతో కలిసి 2021లో సరుకు బండ్లకు కొత్త సాంకేతికత మీద పని మొదలుపెట్టింది. బరువు మోసే బండికి విద్యుత్తు అంత తేలిగ్గా సరిపోదన్నది కూడా వాస్తవం. టన్ను సరుకుతో ఎడారిలో మూడొందల కిలోమీటర్లు వెళ్లి మళ్లీ వెనక్కి రావాల్సిన డ్రైవరుకు బ్యాటరీ ఇంకా పూర్తి భరోసా ఇవ్వలేదు. చిన్న కారుకు ఆ సమస్య లేదు. అందుకే కార్లలో పెద్ద సంస్థలన్నీ విద్యుత్తు వైపు దూకుతున్నప్పుడు, ఇసుజు లాంటి సంస్థకు డీజిల్‌ను శుభ్రం చేస్తూ, అదే సమయంలో దానికి ప్రత్యామ్నాయం వెతుక్కునే వ్యవధి దొరికింది. ఆ వ్యవధి శాశ్వతం కాదు. దాన్ని ఎలా వాడుకుంటుందన్నదే రాబోయే పదేళ్లలో ఆ కంపెనీని అంచనా వేయడానికి గీటురాయి.

అంతా చూశాక ఒక విషయం స్పష్టమవుతుంది. ఇసుజును కార్ల కంపెనీగా చూస్తే అది నిరాశపరుస్తుంది. ఒక కంపెనీ తన కార్లు ఆపేసి ఎగుమతి చేసే పికప్‌ల మీద బతికితే మనం ఎందుకు సంతోషించాలి అని ఎవరైనా అడగొచ్చు. దేన్ని చేయాలో తెలిసిన ఫ్యాక్టరీ, ఆ పని లోతును మన ఊళ్లలోకి తెచ్చిన ఫ్యాక్టరీ అయితే సంతోషించాలి అన్నదే ఈ వాదన. అందుకే ఇప్పుడు శ్రీ సిటీకి అవసరమైన చర్చ ఏడాదికి ఎన్ని బండ్లు అన్నది మాత్రమే కాదు. విద్యుత్ డి-మాక్స్ మోటారు, దాని బ్యాటరీ పెట్టె ఎక్కడ తయారవుతాయి అన్నది. కరకంబాడి బ్యాటరీల అనుభవం ఒకవైపు, శ్రీ సిటీ ఇంజిన్ విభాగపు చేతులు ఒకవైపు ఉన్నచోట, ఆ రెండూ కలిసే ఏర్పాటు గురించి రాష్ట్ర ప్రభుత్వం టోక్యోతోనూ యొకొహామాలోని ఇసుజు కార్యాలయంతోనూ ఇప్పుడే మాట్లాడాలి. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల ఐటీఐల్లో విద్యుత్ మోటార్లు, బ్యాటరీల పాఠ్యాంశాలు మొదలు కావాలి. విద్యుత్ డి-మాక్స్ తయారీని థాయ్‌లాండ్ ఇప్పటికే మొదలుపెట్టేసింది.